ఇంటి పన్ను ఎక్కువ వేశారా? ముందు టేపు తీయండి, పిటిషన్ తర్వాత రాయొచ్చు

ఇంటి పన్ను నోటీసు చేతికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని అరుగు మీద కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టడం, రెండో పని పక్కింటాయన్ని "మీకెంతొచ్చిందండీ" అని అడగడం. రెండూ చేయండి, తప్పేం లేదు. కాకపోతే ఆ రెండింటి వల్లా మీ బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. "పన్ను చాలా ఎక్కువగా ఉంది, పెన్షన్ మీద బతుకుతున్నాం, దయచేసి తగ్గించండి" అని రాసిన అర్జీని కమిషనర్ కావాలనుకున్నా ఒప్పుకోలేడు, ఎందుకంటే రేటు ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నది మీ ఇంటి గురించి రికార్డులో రాసుకున్న వివరాలు సరిచేయడం. ఎన్ని చదరపు అడుగులు, ఏ రకం కట్టడం, ఎన్నేళ్ల పాతది, ఇల్లా దుకాణమా, స్థలం ఎన్ని గజాలు, ఏ వీధి. వీటిలో తప్పు పట్టుకున్నవాడికి పన్ను తగ్గుతుంది, మిగతావాళ్లకి కాళ్లనొప్పులు మిగులుతాయి.

మా నాన్నగారింటి విషయంలో నేను ఏడు నెలలు తిరిగి నేర్చుకున్నది ఇది. ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ, పేరెందుకు లెండి. మీరు అన్ని నెలలు తిరగకుండా ఉండాలని రాస్తున్నాను.

ముందు మీరు ఎవరి పరిధిలో ఉన్నారో చూసుకోండి

ఇదేం ప్రశ్న అనుకోకండి. భీమవరం, తణుకు, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం, మండపేట, రామచంద్రపురం లాంటివి మున్సిపాలిటీలు. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు కార్పొరేషన్లు. కానీ ఈ ఊళ్ల చుట్టూ లేచిన కొత్త లేఅవుట్లలో సగం పక్క గ్రామ పంచాయతీలో ఉంటాయి. కాలువకి ఈ గట్టున ఇల్లు మున్సిపాలిటీ, ఆ గట్టున ఇల్లు పంచాయతీ. పంచాయతీ ఇంటి పన్ను 1994 పంచాయతీరాజ్ చట్టం కింద నడుస్తుంది. అక్కడ మీ అర్జీ పంచాయతీ కార్యదర్శికి, కదలకపోతే పైన డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ఆఫీసుకి. కొలతలు, కాగితాలు, రసీదు గురించి నేను కింద చెప్పేదంతా అక్కడా పనికొస్తుంది, లెక్క కట్టే పద్ధతీ మెట్లూ మాత్రం వేరు. ఇక్కడి నుంచి నేను మున్సిపాలిటీ గురించే మాట్లాడతాను.

నోటీసు వచ్చిన తేదీ రాసిపెట్టుకోండి

నోటీసు మీద ముద్రించిన తేదీ వేరు, మీ చేతికి వచ్చిన తేదీ వేరు. కవరు మీద పెన్నుతో రాయండి, ఎవరు తెచ్చిచ్చారో కూడా రాయండి. పన్ను కొత్తగా వేసినా, మార్చి వేసినా మీకు స్పెషల్ నోటీసు ఇవ్వాలి. దాని మీద రివిజన్ పిటిషన్, అంటే ఆ లెక్క మళ్లీ చూసి సరిచేయమనే అర్జీ, వేసుకోవడానికి గడువు ఉంటుంది. ఆ గడువు నోటీసులోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. అందులో ఎన్ని రోజులని ఉన్నా సరే, నన్నడిగితే చేతికొచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో పిటిషన్ ఇచ్చేయాలని పెట్టుకోండి. సంక్రాంతి వెళ్లనీ, కోతలు అవ్వనీ, అబ్బాయి హైదరాబాద్ నుంచి రానీ అని ఆగితే గడువు దాటిపోతుంది, ఆ తర్వాత మీ మాట ఎంత నిజమైనా "అప్పుడే రావాల్సిందండి" అంటారు.

ప్రతి అర్ధ సంవత్సరం వచ్చే మామూలు డిమాండు నోటీసు వేరు, స్పెషల్ నోటీసు వేరు. మీకు స్పెషల్ నోటీసు ఇవ్వకుండానే డిమాండు మారిపోయి ఉంటే అదే మీ పిటిషన్‌లో మొదటి పాయింటు.

లెక్క ఎలా కడతారో ఓ పది నిమిషాలు ఓపిక పట్టి అర్థం చేసుకోండి

2021 ఏప్రిల్ 1కి ముందు మన దగ్గర పన్ను వార్షిక అద్దె విలువ మీద ఉండేది, అంటే ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుంది అన్న లెక్క. 2020 చివర్లో చట్టం మార్చి, మూలధన విలువ మీదకి తెచ్చారు. అంటే స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన విలువ, దానికి కట్టడం విలువ కలిపి, ఆ మొత్తం మీద ఇంత శాతం అని. నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసం కానివాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య మీ ఊరి పాలకవర్గం ఏదో ఒక రేటు ఖరారు చేస్తుంది. సొంతానికి ఉంటున్న ఇల్లు 375 చదరపు అడుగుల లోపే అయితే ఏడాదికి 50 రూపాయలే. ఈ సంగతి తెలియక ఎక్కువ కట్టేవాళ్లు చిన్న ఇళ్లలో ఉన్నారు, మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా చెప్పండి.

ఊరికే ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలన్నీ అనుకున్నవే. స్థలం 5 సెంట్లు. సెంటుకి 48.4 గజాలు, అంటే 242 గజాలు. గజం 10,000 అనుకుంటే 24 లక్షల 20 వేలు. ఇల్లు 1,200 చదరపు అడుగులు, అడుగుకి 1,000 అనుకుంటే 12 లక్షలు. కలిపి 36 లక్షల 20 వేలు. రేటు 0.12 శాతం అనుకుంటే ఏడాదికి 4,344 రూపాయలు. దీని మీద గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసల చొప్పున పడుతుంది, అది అందరికీ ఉన్నదే, దాని జోలికి వెళ్లకండి. ఇల్లు 200 అడుగులు ఎక్కువ రాసుకున్నారనుకోండి, తేడా ఏడాదికి 240 రూపాయలు. "240 కోసం ఇన్నిసార్లు తిరగాలా" అని మా తమ్ముడు కూడా అన్నాడు. తిరగక్కర్లేదు, నిజమే, తప్పు ఆ ఒక్కటే అయితే. కానీ ఇల్లుని దుకాణంగా రాసుకుంటే రేటే మారిపోయి పన్ను రెండింతలు, ఇంకా పైన కూడా అవుతుంది, లోపలి సందులో ఉన్న స్థలానికి మెయిన్ రోడ్డు విలువ వేస్తే స్థలం విలువలోనే లక్షల్లో తేడా వస్తుంది.

ఇంకో సంగతి. కొత్త పద్ధతిలో పన్ను ఒక్కసారే పెరిగిపోకుండా పాత పన్ను మీద 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. అందుకే చాలామందికి ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వస్తోంది. దీనివల్ల ఏం జరుగుతుందంటే, రికార్డులో అడుగులు తప్పుగా ఉన్నా మొదటి ఏడాది పెరుగుదల చిన్నదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు, తప్పు మాత్రం అడుగున అలాగే కూర్చుని ఉంటుంది, ఏటా బిల్లు దానివైపు ఎక్కుతూ పోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

రికార్డులో ఏముందో చూడకుండా పోట్లాడకండి

నోటీసు మీద ఒక అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది, 10 అంకెలు. ఆ నంబరుతో మున్సిపల్ పరిపాలన శాఖ వెబ్‌సైటులో బకాయిలు కనిపిస్తాయి. వార్డు సచివాలయానికి వెళ్లి అడిగితే మీ ఇంటి పూర్తి వివరాలు స్క్రీన్ మీద చూపిస్తారు. ప్రింటు అడగండి. ఇవ్వలేం అంటే ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చా అని మర్యాదగా అడగండి. అదీ కాదంటే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగొచ్చు, కానీ దానికి 30 రోజుల సమయం వాళ్లకి ఉంటుంది, ఆ లోపు మీ గడువు ఆగదు. కాబట్టి సమాచారం కోసం చూస్తూ పిటిషన్ ఆపకండి.

సచివాలయంలో కూర్చునే అమ్మాయి మా ఇంటి వివరాలు తెరిచి చూపించినప్పుడు నాకు మొదట ఏమీ తప్పుగా అనిపించలేదు. పొడవు 48 అడుగులు, వెడల్పు 44 అడుగులు, 2,112 చదరపు అడుగులు, పెంకు. వెనక 180 అడుగులు, స్లాబు. బయట కొలతలు నేను చిన్నప్పటి నుంచి వింటున్నవే. ఇంటికొచ్చి నాన్నగారికి చెబితే ఆయన పడక్కుర్చీలో నుంచి లేవకుండానే అన్నారు, "మండువా మీద పెంకెక్కడుందిరా?"

మాది మండువా లోగిలి. నడిమధ్యన 14 అడుగులకి 12 అడుగుల చోటు ఆకాశానికి తెరిచి ఉంటుంది, వాన నేరుగా అక్కడ పడి తూము గుండా బయటికి పోతుంది. కొలతకి వచ్చినాయన బయట నిలబడి పొడవు వెడల్పు తీసుకుని గుణించేసి వెళ్లిపోయాడు. పైకప్పు లేని 168 అడుగులకి మేం పన్ను కడుతున్నాం. ఇక వెనక స్లాబు అని రాసింది మా కొబ్బరికాయలు పోసుకునే రేకుల పాక, 18 అడుగులకి 10. నాలుగు సిమెంటు స్తంభాలు, పైన రేకులు, మూడు పక్కల గోడే లేదు. దాన్ని స్లాబుగా చూసిన కళ్లకి దండం పెట్టాలి.

ఇప్పుడు మీ ఇల్లు కొలవండి

టేపు 30 మీటర్లది తీసుకోండి, మేస్త్రీ దగ్గర ఉంటుంది. ఒక్కరు కొలిస్తే కుదరదు, అవతలి చివర పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకి తీసుకోండి, గదుల లోపలి కొలతలు కలిపితే గోడల మందం పోయి తక్కువ వస్తుంది, అప్పుడు వాళ్లు మీ లెక్కే తప్పంటారు. ఇల్లు పలక మీద గీసిన చతురస్రంలా ఉండదు కదా, వంటిల్లు ఓ మూల బయటికి పొడుచుకొస్తుంది, వసారా ఓ పక్కే ఉంటుంది, అందుకని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క కొలిచి కలపండి. తెల్లకాగితం మీద బొమ్మ గీసి, ప్రతి పక్కనా అడుగులు రాయండి. డ్రాయింగ్ బాగుండక్కర్లేదు, అంకెలు కనబడాలి.

అరుగులు, మేడమెట్లు, సజ్జలు, పోర్టికో, బాల్కనీ వీటిలో ఏది లెక్కలో వేశారో రికార్డులో విడిగా ఉందేమో చూడండి, లేకపోతే సచివాలయంలోనే అడగండి. పైకప్పు లేని అరుగుని వసారాగా కలిపేయడం మన వైపు మామూలు తప్పు.

కొలతతో పాటు ఇవి కూడా సరిచూసుకోండి. కట్టడం రకం, అంటే స్లాబా, మద్రాసు టెర్రసా, మంగుళూరు పెంకా, రేకులా, తాటాకు పాకా. కట్టిన సంవత్సరం, ఎందుకంటే పాత ఇల్లుని కొత్త కట్టడంగా రాస్తే విలువ ఎక్కువ పడుతుంది. వాడకం, ఇది అన్నిటికన్నా ముఖ్యం. వీధి గదిలో పదేళ్ల కింద పచారీ కొట్టు నడిపి మూసేసినవాళ్లు, ట్యూషన్లు చెప్పి మానేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో. కొట్టు పోయినా రికార్డులో కొట్టు పోదు, మీరు వెళ్లి తీయించేదాకా. ఒక్క గదిలో కొట్టు ఉంటే ఆ గది వరకే వాణిజ్యం, ఇల్లంతా కాదు.

తర్వాత స్థలం. దస్తావేజు సెంట్లలో ఉంటుంది, మున్సిపాలిటీ గజాల్లో రాసుకుంటుంది, మార్చేటప్పుడు సెంటుకి 50 గజాలని చేత్తో లెక్కేస్తే 12 సెంట్లకి 600 గజాలు అవుతాయి, నిజానికి 580.8. ఇక విలువ. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో వార్డు, బ్లాకు, డోరు నంబరు వారీగా గజం విలువ కనిపిస్తుంది. ఒకే వార్డులో మెయిన్ రోడ్డు మీద డోరు నంబర్లకి ఒక విలువ, లోపలి వీధికి ఇంకో విలువ ఉండొచ్చు. మీ డోరు నంబరుకి ఏ విలువ ఉందో అదే మీకు వేశారా లేదా అన్నది మీరు అడగొచ్చు. ఆ విలువే ఎక్కువ అని మాత్రం మున్సిపాలిటీలో అడిగి లాభం లేదు, అది వాళ్లు పెట్టింది కాదు.

రెండు అసెస్‌మెంట్లు పడ్డాయేమో కూడా చూడండి. డోరు నంబర్లు మార్చినప్పుడు పాత నంబరు మీద ఒకటి, కొత్త నంబరు మీద ఒకటి ఒకే ఇంటికి నడుస్తుంటాయి. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లలో మొత్తం ఇల్లు అన్నగారి పేర, సగం ఇల్లు తమ్ముడి పేర, అంటే ఇల్లున్నర మీద పన్ను.

ఒక్క నిమిషం ఆగి మీ ఇంటివైపు చూసుకోండి

ఇది చాలామంది చెప్పరు. మీరు పిటిషన్ వేస్తే వాళ్లు వచ్చి కొలుస్తారు. పైన మేడ మీద ఓ రెండు గదులు వేసి రికార్డులో ఎక్కించకుండా ఉన్నవాళ్లు, కింద 100 అడుగులు తగ్గించమని అడగడానికి వెళితే పైన 500 అడుగులు చేరతాయి. ప్లాను లేకుండా కట్టినా, ప్లానుకి మించి కట్టినా పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుంది, పూర్తిగా అనుమతి లేని కట్టడమైతే పన్ను ఎంతో జరిమానా అంత. మా వీధిలో ఒకాయన ఆవేశంగా పిటిషన్ వేసి, కొలవడానికొచ్చిన వాళ్లని మెట్ల దగ్గరే మాటల్లో పెట్టి ఆపాలని చూశాడు పాపం. మీ లెక్కలో మీకు నికరంగా తగ్గుతుందని తేలితేనే ముందుకెళ్లండి.

పిటిషన్ ఇలా రాయండి

కథ రాయకండి. ఒక పేజీ చాలు. మేం రాసింది దాదాపు ఇలా ఉంది, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి.

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: ఫలానా అసెస్‌మెంట్ నంబరు, ఫలానా డోరు నంబరు ఇంటి పన్ను నిర్ధారణలో పొరపాట్లు సవరించవలసిందిగా రివిజన్ పిటిషన్. అయ్యా, పై ఇంటికి సంబంధించి ఫలానా తేదీ గల స్పెషల్ నోటీసు మాకు ఫలానా తేదీన అందింది. అందులో ఈ కింది వివరాలు వాస్తవానికి భిన్నంగా ఉన్నాయి. ఒకటి, పెంకుటిల్లు విస్తీర్ణం 2,112 చదరపు అడుగులుగా నమోదైంది. ఇందులో పైకప్పు లేని మండువా 168 చదరపు అడుగులు కలిసి ఉంది. అది తీసివేయగా 1,944 చదరపు అడుగులు. రెండు, వెనుక గల 180 చదరపు అడుగుల రేకుల పాక స్లాబుగా నమోదైంది. కొలతల పటం, ఫొటోలు జతపరిచాము. మా సమక్షంలో తనిఖీ చేయించి, పన్ను సవరించి, ఉత్తర్వు కాపీ ఇప్పించవలసిందిగా ప్రార్థన."

అంతే. చూశారుగా, ఎక్కడా "ఎక్కువ" అన్న మాట లేదు. వాళ్లు రాసింది ఎంత, ఉన్నది ఎంత, రుజువు ఏది. "మా సమక్షంలో" అన్న మాట మాత్రం వదలొద్దు.

జత చేయాల్సినవి నోటీసు జిరాక్సు, దస్తావేజు జిరాక్సు, ప్లాను ఉంటే ప్లాను, పాత పన్ను రసీదులు, మీరు గీసిన పటం, ఫొటోలు. వాడకం మీద గొడవ అయితే కరెంటు బిల్లు బాగా పనికొస్తుంది, గృహ వినియోగం కేటగిరీలో బిల్లు వస్తుంటే అది దుకాణం కాదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి. ఫొటోలు తీసేటప్పుడు మండువాలో నిలబడి పైకి తీయండి, ఆకాశం కనబడాలి. మా ఫైల్లో అన్నిటికన్నా పని చేసింది ఆ ఒక్క ఫొటోనే.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. "పెట్టేసి వెళ్లండి బాబాయ్ గారూ, మేం చూస్తాం" అంటారు, మంచిగానే అంటారు, మీరూ నవ్వుతూనే "స్టాంపు వేసేయమ్మా, వెళ్లిపోతాను" అనండి. స్టాంపు లేని పిటిషన్ ఇచ్చినట్టు కాదు. నేను మొదటిసారి అలాగే పెట్టేసి వచ్చాను. నెల తర్వాత వెళితే ఆ కాగితం ఎవరి దగ్గరా లేదు, మళ్లీ మొదటి నుంచీ. ఏడు నెలల్లో ఒక నెల అక్కడే పోయింది. ఆన్‌లైన్లో వేస్తే నంబరు వస్తుంది, అది కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పన్ను ఆపకండి

పిటిషన్ వేశాం కదా, తేలాక కడదాం అనుకుంటే నష్టం మీకే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక అర్ధ సంవత్సరం, దానికి జూన్ 30 లోపు కట్టాలి. అక్టోబరు నుంచి మార్చి వరకు రెండోది, డిసెంబరు 31 లోపు. దాటితే నెలకి 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు కూడా ఉంటుంది. కట్టండి, రసీదు తీసుకోండి, పిటిషన్‌కి లోబడి కడుతున్నామని ఒక చిన్న లెటర్ ఇచ్చి దానికీ స్టాంపు వేయించుకోండి. తర్వాత తగ్గితే ఎక్కువ కట్టింది ముందు బిల్లుల్లో సర్దమని అడగొచ్చు. పైగా అప్పీలు దాకా వెళ్లాల్సి వస్తే పన్ను కట్టి ఉంటేనే వింటారు.

తనిఖీ రోజు

కొలవడానికి బిల్ కలెక్టరో, సచివాలయం వాళ్లో, ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారో వస్తారు. ముందు ఫోన్ చేయరు, చేసినా "ఇంకో పది నిమిషాల్లో మీ వీధిలో ఉంటాం" అని చేస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు కొలతలు తెలిసినవాళ్లు ఉండాలి. మీ పటం ఒక కాపీ చేతికివ్వండి, టేపు అవతలి చివర మీరే పట్టుకోండి, వాళ్లు రాసుకుంటున్న అంకె పైకి చదవమనండి. మా ఇంటికొచ్చినాయన మొదట గుమ్మంలోనే నిలబడి "ఆయ్, పాత రికార్డులో అలాగే ఉందండి, మనం మార్చకూడదండి" అన్నాడు. నాన్నగారు ఏం మాట్లాడకుండా లోపలికి రమ్మని మండువాలో కుర్చీ వేయించి బొండం కొట్టించి ఇచ్చారు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మీద ఎండ. రెండు గుక్కలు తాగి ఆయన తలెత్తి పైకి చూసి, "ఇక్కడ కప్పు లేదండీ" అన్నాడు. అదే కదా రెండు కాగితాలు పెట్టి చెబుతున్నాం!

బొండం వరకు ఫర్వాలేదు, మన మర్యాద. కవర్లు ఇవ్వకండి. డబ్బిచ్చి తగ్గించుకున్న లెక్కకి కాగితం ఉండదు, తర్వాత వచ్చే మనిషి మళ్లీ మొదటికి తెస్తాడు.

వెళ్లేటప్పుడు తనిఖీ నోట్‌లో ఏం రాశారో ఫొటో తీసుకోండి. సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. తేడా ఉంటే మీ కొలత కూడా దాని మీద రాసి అప్పుడు సంతకం పెట్టండి.

ఆర్డరు, ఆ తర్వాత

కదలకపోతే రెండు వారాలకోసారి వెళ్లండి, ప్రతిసారీ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో అడిగి తేదీతో రాసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే ఫైలు కదులుతుంది, మాది అలాగే కదిలింది. కానీ అది అప్పీలు కాదు, అక్కడ అర్జీ ఇచ్చాం కదా అని రివిజన్ పిటిషన్ వేయడం మానకండి.

కమిషనర్ పిలిచి విచారణ పెడితే పటం, ఫొటోలు, దస్తావేజు అసలు తీసుకెళ్లండి. మాట్లాడే అవకాశం రెండు నిమిషాలే ఉంటుంది, "మూడు తప్పులున్నాయండి" అని మొదలుపెట్టి మూడూ చెప్పి ఆపేయండి.

ఆర్డరు మీకు నచ్చకపోయినా కాపీ తీసుకోండి, అది లేకుండా పైకి వెళ్లలేరు. కమిషనర్ ఆర్డరు మీద అప్పీలు ఉంది. మున్సిపాలిటీకి 1965 చట్టం, కార్పొరేషన్లకి వేరే చట్టం, కార్పొరేషన్ అయితే దారి కోర్టు వైపు వెళుతుంది. గడువు తక్కువ ఉంటుంది కాబట్టి ఆర్డరు తీసుకునే రోజే అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో అని అడిగి కాపీ వెనకే రాయించుకోండి. కోర్టు దాకా వెళ్లే ముందు మాత్రం వకీలు ఫీజు, మీకు తగ్గే పన్ను పక్కపక్కన రాసుకుని చూడండి. ఇల్లు, దుకాణం మధ్య తేడా అయితే వెళ్లొచ్చు. ఒక వంద అడుగుల కోసం నేనైతే వెళ్లను.

ఇల్లు తాళం వేసి కువైట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండేవాళ్లకి ఇంకో మాట. ఖాళీగా ఉన్న ఇంటికి వేకెన్సీ రెమిషన్ అని ఉంది, కట్టడం మీద పన్నులో సగం వరకు తగ్గించొచ్చు. కానీ ఖాళీగా ఉందని ముందే రాతపూర్వకంగా తెలపాలి, వచ్చి చూసుకుంటారు. మూడేళ్ల తర్వాత వచ్చి "అప్పుడంతా తాళమే" అంటే కుదరదు. మాజీ సైనికుల ఇళ్లకి మినహాయింపు కూడా అడిగి తీసుకోవాల్సిందే, దానంతట అది రాదు.

ఆర్డరు వచ్చాక పని అయిపోయిందని అనుకోకండి, అది కంప్యూటర్లో ఎక్కాలి. తర్వాతి అర్ధ సంవత్సరం డిమాండు రాగానే అసెస్‌మెంట్ నంబరు కొట్టి చూడండి. మాకు అక్టోబరులో చూస్తే 1,944 అడుగులు పెంకు, 180 రేకులు అని సరిగ్గానే మారింది. నాన్నగారి ఇంటిపేరులో మాత్రం ఎప్పుడూ లేని ఒక అక్షరం కొత్తగా వచ్చి చేరింది. దానికి వేరే అర్జీ అట, మొన్న సోమవారమే ఇచ్చి వచ్చాను, స్టాంపు వేయించుకున్నాను.